దువ్వెన చప్పుడు... రెండో భాగం

దబీర్‌పురాలో మా చిన్నప్పుడు వీసీఆర్ అద్దెకు తెచ్చిన ఆదివారమంటే... పరదాలు దించిన గది, చాప మీద పదిమంది, మధ్యలో ఒక పళ్లెం మరమరాలు.

ఆ రోజు వేసింది పాత ఇంగ్లీషు సినిమా. దయ్యం కనిపించదు. ఒంటరిగా ఉండే ఒకావిడకు పక్కగదిలో ఎవరో తల దువ్వుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు... అంతే. నాకు తొమ్మిదేళ్లు.

మర్నాడు మధ్యాహ్నం మంచం మీద చదువుకుంటుంటే, మంచం కింద అదే చప్పుడు. మా పెదనాన్న కొడుకు శ్రీను అన్న... దువ్వెన పళ్ల మీద గోరుతో గీరుతున్నాడు. పెదనాన్నకు లాడ్ బజార్‌లో దువ్వెనలు, రిబ్బన్ల దుకాణం. ఇంటినిండా దువ్వెనలే. నేను కదల్లేకపోయాను. గౌను తడిసిపోయింది.

అక్కడితో ఆగితే మరిచిపోయేదాన్నేమో. అన్న గల్లీ అంతా చెప్పాడు. పొద్దున మా కాన్వెంట్ బస్సు కోసం నిలబడితే అతని దోస్తులు జేబుల్లోంచి దువ్వెనలు తీసి గీరేవాళ్లు.

"ఏం కాన్వెంట్, ఇంకో గౌను తెచ్చుకున్నవా?" అనేవాడు అన్న.

రెండేళ్లు... ఒక్క మాట అనలేదు నేను.

అప్పుడు ఆ సినిమా రెండో భాగం చూశాను. మా క్లాసు అమ్మాయికి వాళ్ల చిన్నాన్న దుబాయ్ నుంచి కేసెట్ తెచ్చాడు. రెండో భాగాలు బాగుండవంటారు గానీ, ఇది మొదటిదానికన్నా బాగుంది. చివరికి ఆవిడ ఆ చప్పుడుకు అలవాటుపడి, తనే ఒక దువ్వెన కొనుక్కుంటుంది.

గల్లీలో ఇంకెవరూ చూడలేదు. చూసినవాళ్లు చూడనివాళ్లకు కథ చెప్పడం అప్పటి రివాజు. అన్నే వచ్చి అడిగాడు.

"రెండోది చూసినవంట గదా. ఎట్లున్నది? జర చెప్పు."

అంతా ఉన్నదున్నట్టే చెప్పాను... చివర తప్ప.

"ఆఖరికి ఆ చప్పుడు ఆమెను వదిలిపెడ్తదన్నా. మజాక్ కోసం అసొంటి చప్పుడు ఎవరు చేసిండ్రో వాళ్లను వెతుక్కుంట పోతది. ముందు వాళ్ల వెంట్రుకలు రాల్తయి."

"నిజంగనా?"

"నిజమే అన్నా."

నేను అబద్ధమాడనని ఇంట్లో అందరికీ నమ్మకం. కాన్వెంట్ కదా.

వారం తిరక్కుండా అన్న గుండు చేయించుకున్నాడు... రాలడానికి ఏమీ మిగలకుండా. దుకాణంలో కూర్చోనన్నాడు.

"ఏంది నీ లొల్లి? దువ్వెనలు కరుస్తయా?" అని పెదనాన్న అందరి ముందూ అడిగితే తల వంచుకున్నాడు. నేను పుస్తకంలో ముఖం పెట్టుకుని, పేజీ తిప్పకుండా విన్నాను. దోస్తులకూ అతనే చెప్పినట్టున్నాడు... గల్లీలో ఒక్క దువ్వెనా మోగలేదు మళ్లీ.

మొన్న జల్‌పల్లిలో అన్న కొత్త ఇంటికి వెళ్తే, వాకిట్లోనే అడ్డంగా నిలబడ్డాడు.

"గా సినిమా కంప్యూటర్ల దొరికింది. మొత్తం చూసిన. నువ్వు చెప్పింది అందుల లేనే లేదు."

"లేదన్నా."

"పదేండ్లు ఫికర్ పడ్డనే..."

క్షమించమని అడగాలనిపించలేదు. అన్న మాత్రం ఎప్పుడు అడిగాడు?

ఇప్పుడు ఏ సినిమా అయినా ఇంట్లో కూర్చుంటే దొరుకుతుంది. కథ చెప్పమని ఎవరూ ఎవరినీ అడగరు... నాలాంటి నోరులేని పిల్లలకు ఇక దిక్కేదో.

చిన్నప్పుడు మీకు సినిమా కథలు చెప్పిందెవరు? వాళ్లను మీరెప్పుడైనా ఏడిపించి ఉంటే... వాళ్లు చెప్పిన సినిమా చివర ఒకసారి చూసుకోండి.