స్కూలంటే తీరిక

మంగళగిరిలో మా టీచరమ్మ పోయారన్న కబురు మా నాన్నే తెచ్చాడు. చీరల మూట బెజవాడ షావుకారుకి అప్పజెప్పి, గవర్నర్‌పేటలో నేను పాఠాలు చెప్పే బడి దాకా నడిచొచ్చాడు. "తెల్లారగట్ట పోయిందమ్మా ఆ తల్లి. సాయంత్రం సమాధి చేస్తారంట, పద" అన్నాడు. ఇద్దరం రైలెక్కి కృష్ణ దాటాం.

ఆవిడ గురించి చెప్పాలంటే రాట్నంతో మొదలుపెట్టాలి. మాది నేతపని ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కూచుంటే, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు రాట్నం మీద చుట్టడం నా వంతు. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది, ఆ పూట పొయ్యీ వెలగదు. అందుకని థర్డ్ ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో ఉండగా నన్ను బడి మాన్పించేశారు. ఆ వారంలోనే టీచరమ్మ మా అరుగెక్కారు.

"ఇస్కూలు మాకెందుకండీ? దీనికి తీరికేదీ?" అన్నాడు నాన్న.

'ఇస్కూలు' అన్నందుకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నవ్వలేదు సరికదా, తీరిగ్గా చాప మీద కూచుని ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నారు. ఫ్రాన్సువాళ్ళు కూడా పూర్వం అలాగే ముందర ఓ అచ్చు తగిలించి పలికేవారట. ఇంగ్లీషువాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాసుకునేవారట. స్పెల్లింగులో మమ్మల్ని ఏడిపించిన ఆ 'హెచ్' లాటిను చదివిన పెద్దమనుషులు తర్వాత తెచ్చి దూర్చిందట. చేపల గుంపునీ స్కూలే అంటారుగాని అది డచ్చివాళ్ళ వైపునుంచి వచ్చిన వేరే మాట, దీనికి చుట్టం కాదట. మా అమ్మ తలుపు చాటున నిలబడి నోరు తెరుచుకుని వింది.

"అసలు గ్రీకు దేశంలో దాని అర్థమేంటో తెలుసాండీ? తీరిక. తీరిగ్గా కూచుని మాట్లాడుకోవడం. ఆనక ఆ కూచునే చోటుకే పేరైంది."

"ఆ తీరికే మాకు లేదని కదండీ చెప్తున్నది!"

"అది నేను తెస్తాను" అని ఆవిడ నన్ను రాట్నం ముందునుంచి లేపి తను కూచున్నారు. "నువ్వు చదువుకోవే. నేను చుడతా."

ఆవిడ చుట్టిన మొదటి కండెలు ఘోరం. వదులుగా ఉండి, నాడెలో జారి, పోగు చిక్కుపడింది. యుద్ధం రోజులు, నూలు దొరకడమే గగనం. నాన్న తల పట్టుకున్నాడు. "మీకు దణ్ణం పెడతాను, వదిలెయ్యండమ్మా" అన్నాడు.

"జారినవన్నీ ఇలా ఇవ్వండి. విప్పి మళ్ళీ చుడతాను" అని మర్నాడూ వచ్చారు. కొన్నాళ్ళకి కండె బిగిసింది, నాన్న గొణుగుడు ఆగింది. రోజూ బడి వదిలాక దీపాలు పెట్టేవేళ దాకా ఆవిడ చుట్టడం, నేను పైకి చదవడం. తప్పు చదివితే రాట్నం ఆగేది, అంతే. మజ్జిగిస్తే ఇప్పుడే తాగొచ్చానని అబద్ధమాడేవారు. పొగిడితే విసుక్కునేవారు కనక ఇక్కడా పొగడను. ఆ అరుగు మీది చదువుతోనే పరీక్షకి కట్టాను, ప్యాసయ్యాను. పోగు పట్టీపట్టీ ఆవిడ ఎడమ చూపుడువేలి మీద సన్నటి గీత పడింది. నేను బెజవాడ వచ్చేశాక అది మాసిపోయి ఉంటుందనుకున్నాను.

శవపెట్టెలో ఆవిడ చేతులు గుండెల మీద పెట్టారు. గీత ఉంది. కొత్తది. అందులో నూలు నీలిరంగు ఇంకా వదల్లేదు.

నా వెనక మా వీధిలో ఒకావిడ, "మా పిల్లకింక కండెలెవరు చుడతారు తల్లీ" అని గొల్లుమంది. అంతవరకూ బిగపట్టుకున్న నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

శనివారం బడి వదిలాక రైలెక్కి, గొల్లుమన్న ఆవిడ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద పిల్ల రాట్నం తిప్పుతోంది, పుస్తకం పక్కన మూసి ఉంది. జరగమని నేను కూచున్నాను. చెయ్యి అలవాటు తప్పిందేమో, నా మొదటి కండె వదులుగా వచ్చింది. లోపల మగ్గం ఆగిపోయింది. "ఎవరే చుట్టిందీ?" అని వాళ్ళ నాన్న కేకేశాడు. పిల్ల బెదిరి రాట్నం మీదికి చెయ్యి చాపింది.

"నువ్వు చదువుకోవే" అన్నాను, జారిన పోగు విప్పుతూ.