మూడు బండ్లవాడు నాలుగోదాని కోసం బస్సెక్కిన రోజు

మా ఇంటి కింది గది నిండా మూడు మోటార్ సైకిళ్లున్నాయి. నంద్యాల బజారులో నాది చిన్న హార్డ్‌వేర్ అంగడి. ఇంటి నుంచి అక్కడికి పోయి రావడానికి ఒక బండి. రెండోది దూర ప్రయాణాలకని కొన్నాను, మూడోది అడవిలో మట్టి దారులకని. దూర ప్రయాణం చేసి రెండేళ్లు దాటింది. మట్టి దారి తొక్కింది ఒక్కసారే, అదీ దారి తప్పి. ఆ గదిలో రెండు కుట్టు మిషన్లు వేసుకుని రవికెల పని పెట్టుకోవాలని నా భార్య సరళ చాలా కాలంగా అడుగుతోంది. పోయిన వారం అడగడం మానేసి గడువు పెట్టింది.

"ఒక మనిషికి ఎన్ని బండ్లు కావాల్నో శనివారం సాయంత్రానికి ఒక అంకె చెప్పు. అది ఎంతైనా సరే, నేను మల్లా నోరెత్తను" అంది.

నోరెత్తనన్నది కాబట్టే నాకు భయం పట్టుకుంది. ఆ భయంతో తిన్నగా ఉండొచ్చు కదా? ఉండలేదు. ఆ శనివారం పొద్దున్నే నాలుగో బండి కొనడానికి బయలుదేరాను. ఇంట్లో మాత్రం అహోబిలం దర్శనానికని చెప్పాను.

తప్పు నాది కాదని చెప్పను గానీ, ఆశ పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే సుబ్బాచారి దగ్గర ముప్పై ఏళ్ల నాటి టూ స్ట్రోక్ బండి ఉందని, ఒక్క చేతి మీదే నడిచిందని, దసరా లోపల ఇచ్చేస్తాడని మా అంగడికి వచ్చే ఒక మేస్త్రి చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. వచ్చేటప్పుడు బండి మీదే రావచ్చని పోయేటప్పుడు బస్సు ఎక్కాను.

ఏడూ పదికి నంద్యాల బస్టాండులో బస్సు కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది, హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన శిరివెళ్లకు పోతున్న గాజుల వ్యాపారి కూర్చున్నాడు. తెల్ల టోపీ, కాళ్ల మధ్య గుడ్డతో కట్టిన గాజుల పెట్టె. హెల్మెట్ వైపు రెండు మూడు సార్లు చూసి ఉండబట్టలేక అడిగాడు.

"ఏందప్పా, డ్రైవర్ మీద నమ్మకం లేదా?"

"బండి కొనేకి పోతాండా భాయ్. వచ్చేటప్పుడు పెట్టుకుంటా."

"ఇంట్లో బండి లేదా?"

"మూడుండాయి."

ఆయన కాసేపు నా కాళ్ల వైపు చూశాడు. "నాకు గాజులు మూడొందల రకాలుండాయి. అయినా ఏ ఆడమనిషికైనా చేతులు రెండే గదా" అన్నాడు. శిరివెళ్లలో పెట్టె ఎత్తుకుని దిగిపోయాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వానలు బాగా పడ్డాయి. వరి మడుల మీద ఎండ అప్పుడే పరుచుకుంటోంది. ఎడమ చేతి వైపు నల్లమల కొండలు నీలంగా లేచి బస్సుతో పాటే వస్తున్నాయి. ఎన్నిసార్లు చూసినా ఆ వరస నాకు కొత్తగానే ఉంటుంది.

ఎనిమిదిన్నరకు ఆళ్లగడ్డలో దిగాను. బస్టాండు ఎదురుగా తోపుడు బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి, టీ అన్నీ కలిపి అరవై రూపాయలు. ఈ దారిన వచ్చేవాళ్లు తొమ్మిది లోపలే తినండి, తర్వాత ఉగ్గాని మిగలదు. సుబ్బాచారి షెడ్డు ఎక్కడని అడిగితే టీ పోసే ఆయన "ఉలి సద్దు యాడ ఇనపడితే ఆడికి పో" అన్నాడు. నాలుగు వైపులా ఉలి చప్పుడే. ఐదు షెడ్లు తిరిగి ఆరో షెడ్డులో పట్టుకున్నాను.

సుబ్బాచారికి అరవై పైనే ఉంటాయి. రాతి పొడితో కనుబొమలు తెల్లబడ్డాయి. నిలువెత్తు నరసింహస్వామి విగ్రహం ముందు కూర్చుని చేతి గోరు చెక్కుతున్నాడు. ఉలి కొన ఆ గోటి అంచున పెట్టి తట్టిన ప్రతిసారీ చిటికెడు పొడి మాత్రమే రాలుతోంది. నేను నిలబడి ఎంతసేపు చూశానో తెలియదు. ఆ గోరు రాయిదని మరిచిపోయి, గుచ్చుకుంటుందేమో అన్నట్టు చేయి వెనక్కి తీసుకున్నాను.

"ఎవరప్పా? ముందరికొచ్చి నిలబడు. పక్కన నిలబడితే నాకు కనపడవు" అన్నాడాయన.

కంటి నరం దెబ్బతిన్నదట. ఎదురుగా కొంచెం మేర బాగా కనిపిస్తుంది, చుట్టూ అంతా చీకటి. చెక్కడానికి ఆ కొంచెం చాలు. రోడ్డు మీదికి మాత్రం చాలదు. పక్కనుంచి వచ్చే లారీ కనపడదు కాబట్టి ఇక బండి ముట్టుకోవద్దని నాలుగు నెలల కిందట డాక్టరు చెప్పాడు.

బండి షెడ్డు మూలన ఉంది. గుడ్డ తీయగానే చేత్తో తడిమాను. ట్యాంకు మీద రంగు అరిగి తళతళలాడుతోంది, ఎక్కడా తుప్పు లేదు. రెండో కిక్కుకే అందుకుంది.

"నీకిప్పుడు ఎన్ని బండ్లుండాయి?" అని అడిగాడు. ఈయనకూ చెప్పక తప్పలేదు. మూడన్నాను. నవ్వాడు. నాకు కొంచెం రోషం వచ్చింది. ఆయన ముందు చాప మీద పరిచిన ఉలులు చూపించి, "మూడు బండ్లకే నవ్వుతాండావే. నీకు నలభై ఉలులెందుకన్నా?" అన్నాను.

"యాడన్నా తుప్పుంటే చూపీ" అన్నాడు.

వంగి చూశాను. లావువి, సన్నవి, సూదిలాంటివి, ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఒక్కదానికీ తుప్పు లేదు. అన్నిటి తలలూ దెబ్బలు తిని అణిగి ఉన్నాయి.

"మా నాయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఆయుధ పూజ నాడు, ఆ ఏడు పని చేసిన ఉలికే బొట్టు పెడతాం. పని చేయనిదానికి పెట్టం. పూజకు ముందే పని ఉండేవాళ్లకు ఇచ్చేస్తాం. పని చెప్పకుండా బొట్టు పెట్టేది దొంగ మర్యాదప్పా" అన్నాడు. తర్వాత మూలనున్న బండి వైపు ముఖం తిప్పాడు. "నాలుగు నెలలాయె దాన్ని తీసి. దసరా వచ్చేస్తాంది. దానికి నేను బొట్టెట్ల పెడతా?"

పోయిన ఏడు ఆయుధ పూజకు నా మూడు బండ్లూ కడిగి వాకిట్లో పెట్టాను. అందులో రెండు స్టార్ట్ కాక నేనూ సరళా చెరో వైపు పట్టుకుని నెట్టుకొచ్చాం. వాటికీ బంతిపూల దండలు వేశాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. కదలని చక్రాల కింద నిమ్మకాయలు అలాగే ఎండిపోతే సరళే తీసి పారేసింది. అప్పుడు సిగ్గు పడలేదు. ఆ షెడ్డులో నిలబడి ఇప్పుడు సిగ్గు పడ్డాను.

అయినా కొనే ఆశ చావలేదు. నేను పని చెప్తాను కదా అనుకున్నాను. ఒకసారి నడిపి చూస్తానన్నాను.

"చూడాలంటే ఎగువ అహోబిలం దాకా పోవాల. శనివారం శనివారం పోయేటోణ్ణి. నేనూ వస్తా పా" అంటూ లేచి తన హెల్మెట్ తెచ్చుకున్నాడు.

పదింబావుకు బయలుదేరాం. ఊరు దాటగానే నా కుడి భుజం మీద చేయి వేశాడు. బండి మీద ఉన్నంతసేపూ ఆ చేయి తీయలేదు.

"ముందర కల్వర్టు. దాటినాక ఎడమకు కొట్టు."

కల్వర్టు వచ్చింది, ఎడమకు మలుపూ వచ్చింది. ఈయన ఎదురుగా ఉన్న నా వీపు తప్ప ఏమీ చూడలేడు. మొదట ఏదో గుర్తుండి చెప్పాడనుకున్నాను. తర్వాత చింతచెట్టు నీడ, అది దాటాక గుంత, ఆ గుంతకు కుడి పక్కగా పోవాలని కూడా చెప్పాడు. ఒకచోట ఏమీ లేని తిన్నని రోడ్డు మీద భుజం నొక్కాడు.

"బిరీన తగ్గించు. మలుపు అవతల బర్రెలుంటాయి. ఈ పొద్దుకు నీళ్లకు తోల్తారు."

నవ్వుకుంటూనే తగ్గించాను. మలుపు తిరిగితే రోడ్డుకు అడ్డంగా పది పన్నెండు బర్రెలు, తోకలాడించుకుంటూ నిలబడి ఉన్నాయి. ఆ వేగంతో పోయి ఉంటే ఇద్దరం వాటి మధ్యలో ఉండేవాళ్లం.

దిగువ అహోబిలంలో టీ తాగి అడవి దారి పట్టాం. రెండు వైపులా చెట్లు కమ్ముకున్నాయి, రోడ్డు తడిగా ఉంది. ఆయన ఒక్కో మలుపూ రాకముందే నెమ్మదిగా చెబుతున్నాడు, నేను వంచుతున్నాను. బండి కూడా ఆ గొంతుకు అలవాటు పడినట్టే వంగుతోంది. పదకొండున్నరకు ఎగువ అహోబిలంలో ఆపాను. ఎత్తైన ఎర్రటి కొండగోడలు, వాటి మధ్య భవనాశిని ఏరు వాననీటితో హోరెత్తుతోంది. చినుకు చినుకుగా కొండ మీది నుంచి నీరు జారి గాలిలోనే పొగైపోతోంది. కొండ గుహలో స్వామి. మనిషి ఎంత చిన్నవాడో చెప్పడానికి అక్కడ ఎవరూ అక్కర్లేదు.

దర్శనం అయ్యాక ఆయన ఒక స్తంభం దగ్గర ఆగి, నా వేలు పట్టుకుని ఒక చిన్న బొమ్మ మీద పెట్టాడు. "ఈడ గీత తగుల్తాందా? ఎడమ చేతివాటం మనిషి చెక్కినాడు దీన్ని. ఎన్ని వందల ఏండ్లాయనో. యాబై ఏండ్లుగా వచ్చి పలకరించి పోతాండా" అన్నాడు. నా వేలికి నిజంగానే సన్నటి వాలు గీత తగిలింది. ఎప్పుడో పోయిన ఆ మనిషి చేయి పట్టుకున్నట్టయింది నాకు. కళ్లు తడిశాయి. దాచుకోవలసిన పని లేదు, పక్కన నిలబడ్డవాణ్ణి ఆయన చూడలేడు.

తిరిగి ఆళ్లగడ్డ చేరేసరికి మూడైంది. ఆయన భార్య లక్ష్మమ్మ జొన్నరొట్టె, గోంగూర పప్పు పెట్టింది. ఆయన చేయి కడుక్కోవడానికి పోయినప్పుడు ఆమె మెల్లగా అంది: "ఈ నాలుగు నెలల్లో ఈ పొద్దే రెండు రొట్టెలు తిన్న్యాడు."

డబ్బు నా జేబులోనే ఉంది. షెడ్డులోకి పోయి బండి తాళం ఆయన చేతిలో పెట్టాను.

"ఏందప్పా, నచ్చలా?"

"నచ్చిందన్నా. నువ్వు ఎనక కూచోకుంటే దీన్ని నడిపేకి నాకు రాదు."

ఆయన తాళాన్ని చేతిలో తిప్పసాగాడు. "వచ్చే శనివారం నేను బస్సుకొస్తా. మనిద్దరం పోదాం. ఆ పై శనివారం కూడా" అన్నాను.

"నేను ఎనక కూచుంటే బండి పని చేసినట్టేనా?" అని అడిగాడు. చిన్నపిల్లవాడు అడిగినంత అనుమానంగా అడిగాడు.

"ఈ పొద్దు చేసింది గదన్నా."

ఆయన బండి దగ్గరికి పోయి గుడ్డ తీసుకుని ట్యాంకు మీద పడ్డ బురద చుక్కలు తుడవడం మొదలుపెట్టాడు. నేను పోయొస్తానని చెబితే వెనక్కి తిరగకుండానే తల ఊపాడు.

ఐదింబావు బస్సులో నిలబడడానికే చోటు దొరికింది. శిరివెళ్లలో సీటు వచ్చింది. ఈ దారిన వచ్చేవాళ్లు గుళ్లు చూడండి, వాన తగ్గిన రోజుల్లో ఏరు చూడండి, శనివారమైతే పొద్దున్నే రండి. నాకు మాత్రం ఆ రోజు చూసినవాటి కంటే, నా చెవి పక్కన మలుపులు చెప్పిన గొంతే పెద్దదిగా మిగిలింది. మూడు బండ్లున్నా నాకు అలా తెలిసిన దారి ఒక్కటీ లేదు. ఇంటి నుంచి అంగడి దాకా కూడా కళ్లు మూసుకుని చెప్పలేను.

ఆరున్నరకు, గడువు దాటకముందే, బస్సులోంచే సరళకు ఫోన్ చేశాను. దర్శనమని అబద్ధం చెప్పినట్టు ఒప్పుకుని ముందు తిట్లు తిన్నాను. తర్వాత జరిగిందంతా చెప్పాను.

"అంకె చెప్పలా" అంది చివరికి.

"ఒకటి. ఈ ఏడు పని చేసింది అంగడికి పోయే బండొక్కటే. కడమ రెండూ సోమవారం పంపించేస్తా, నడిపేవాళ్లకు."

"మరి శనివారం శనివారం ఆయన బండి నువ్వు నడిపేదేంది? కండ్లు సరిగ్గా లేని మనిషిని ఎనక పెట్టుకుని కొండ మీదికి పోతావా? దారెవురు చూపిస్తారు?"

"ఆయనే" అన్నాను. "పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అన్ని మలుపులూ చెప్పినాడు సరళా. ఒక్కటి తప్పలే."