తెరిచి చూసినావా?

ల్యాప్‌టాప్ మీట నొక్కగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో రెండు వరుసలు వస్తాయి. పైది లైనక్స్, కిందిది విండోస్; రెంటిలో ఏదైనా కంప్యూటర్‌ను నడపగలదు. ఏది కావాలో చెప్పడానికి కాస్త గడువిచ్చి, మనం పలక్కపోతే అదే పైదాంట్లోకి వెళ్లిపోతుంది. ఆ వేళకు పక్క గదిలో నా భార్య సుజాత ఎంబ్రాయిడరీ మిషన్‌కు నూనె వేస్తుంటుంది. ఆ నూనె వాసనా, ఈ రెండు వరుసలూ కలిసి వచ్చిన ప్రతి ఉదయం నాకు ఉదయగిరి రెహానా అక్క గుర్తుకొస్తుంది.

అక్కను నేను కళ్లారా చూసింది ఒకే ఒక్కరోజు. మిగతా పరిచయమంతా ఫోన్‌లోనే. లైనక్స్ నేర్చుకునే తెలుగువాళ్ల గ్రూపు ఒకటి ఉంది. బెంగళూరులో ఉద్యోగాలు చేసేవాళ్లూ, కాలేజీ విద్యార్థులూ, ఆత్మకూరులో ఎరువుల దుకాణంలో బిల్లులు కొట్టే నాలాంటివాళ్లూ అందులో ఉండేవాళ్లం. అక్క ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్లు నేర్పేది. నాది ఆత్మకూరని తెలిశాక నన్ను తమ్ముడూ అని పిలవడం మొదలుపెట్టింది. ఆమెకొక పద్ధతి ఉండేది. డిస్కులో ఏదైనా చెరిపే ముందు తెరను ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. ఇంకొకరు దాన్ని చదివి, ఏ భాగంలో ఏముందో అడిగి తెలుసుకుని, ‘అవును’ అని రాయాలి. అప్పుడే మీట నొక్కాలి. ఎంత తెలిసినవాడైనా ఒక్కడే చెరపకూడదు. కొత్తవాళ్లు విసుక్కుంటే, “చెరిపేదానికి తొందరేంది, అది యాడికీ పోదులే” అనేది.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. జాకెట్ల మీద కుట్టే డిజైన్లన్నీ సుజాత అందులోనే గీసుకునేది. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. నాకేమో లైనక్స్ వస్తే నెల్లూరులో సర్వర్లు చూసే ఉద్యోగం దొరుకుతుందని ఆశ. రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంచుకోవచ్చని గ్రూపువాళ్లు చెప్పారు. సుజాత డిజైన్లున్న డి డ్రైవ్‌ను ఖాళీ చేసి ఆ చోట లైనక్స్ పెట్టాలి. అందుకు ముందు డిజైన్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అంతే పని.

నాకొక అలవాటు ఉండేది. పని సగంలో ఉండగానే అయిపోయిందనేవాణ్ని. గోడౌన్‌లో యూరియా ఎంతుందో చూశావా అని ఓనరు అడిగితే కుర్చీలోంచి లేవకుండానే చూశానని చెప్పేవాణ్ని. ఎప్పుడూ దొరికిపోలేదు కాబట్టి అది అబద్ధమని కూడా అనిపించేది కాదు.

ఆ ఆదివారం పొద్దున డెస్క్‌టాప్ మీద కనిపిస్తున్న ‘డిజైన్లు’ అన్న గుర్తును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. రెప్పపాటులో అయిపోయింది. సుజాత ఏళ్లుగా గీసినవన్నీ అంత త్వరగా ఎలా ఎక్కాయన్న అనుమానం వచ్చింది. పక్కకు నెట్టేశాను. తెర ఫోటో గ్రూపులో పెట్టాను. అక్క అడిగింది, పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టి ఒక డిజైనైనా తెరిచి చూసినావా అని. వేరే కంప్యూటరంటే దుకాణంలోదే, దుకాణానికి ఆరోజు సెలవు. తాళం కోసం ఓనరింటికి పోవాలి. “చూసినానక్కా” అని రాశాను. ఆమె ‘అవును’ అని రాసింది. నొక్కాను.

మధ్యాహ్నానికి ఆ రెండు తెల్ల వరుసలు వచ్చాయి. గ్రూపంతా అభినందించింది. భోంచేసి సుజాత తన పనికి కూర్చుంది. వింజమూరు పెళ్లికూతురి జాకెట్టు ఆ వారంలోనే ఇవ్వాలి. డిజైన్ కనిపించలేదు. ఏ డిజైనూ కనిపించలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే నాకు సంగతి అర్థమైంది. నేను కాపీ చేసింది ఫోల్డర్‌ను కాదు, ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపే షార్ట్‌కట్‌ను. బియ్యం తెస్తానని వెళ్లి బియ్యం కొట్టు అడ్రసు రాసుకొచ్చినట్టు.

అప్పుడైనా ఒప్పుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను జేబులో వేసుకుని, గ్రూపువాళ్లు చెప్పినట్టే చేశాను, వాళ్లే ముంచారు అన్నాను. సుజాత మిషన్ మీద గుడ్డ కప్పింది. అదే మాట గ్రూపులోనూ రాశాను. బెంగళూరు కుర్రాడొకడు అక్క తరఫున వాదనకు దిగాడు. అక్క వాణ్ని ఆపి ఇలా రాసింది: “తప్పు నాది. తెరిచి చూసినావా అని అడిగినా గానీ, ఫోటో పెట్టమనలా. ల్యాప్‌టాప్ ఆపెయ్ తమ్ముడూ, దాని మీద ఇంకేమీ రాయొద్దు, చెరిగినవి వెతికి తీయొచ్చు. రేపొస్తా.”

స్కూలుకు సెలవు పెట్టి ఉదయగిరి బస్సులో వచ్చింది. గ్రూపులో ఆమె మాట విని గంభీరమైన మనిషిని ఊహించుకున్నాను. వచ్చినామె పొట్టిగా, నల్ల బురఖాలో, భుజాన బరువైన సంచితో, ఎండకు ఆయాసపడుతూ ఉంది. సంచిలోంచి ముందు సుజాత కోసం వాళ్లూళ్లో చెక్కే కొయ్య గరిటె ఒకటి తీసింది. తర్వాత హార్డ్‌డిస్కు తీసింది. చక్కెర లేని టీ అడిగింది. సుజాత వంటింట్లోకి వెళ్లాక, ఆ పెన్‌డ్రైవ్ ఇటివ్వు అంది.

తన ల్యాప్‌టాప్‌లో పెట్టి ఒక్కసారి చూసింది. ముఖంలో కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది.

“ఇది నువ్వు తెరవలా కదా?”

నేను తల వంచుకున్నాను.

“గ్రూపులో తప్పు నా మీద ఏసుకున్నా. అది సరే. ఆ పిల్లకు మాత్రం నేను చెప్పను. నువ్వు చెప్పుకో. టీ వచ్చేలోపల చెప్పు.”

వంటింటి గడప దగ్గర నిలబడి చెప్పాను. కాపీ కాలేదని, తెరిచి చూడలేదని, చూశానని రాశానని, నిన్న నీతోనూ అబద్ధమాడానని. సుజాత పొయ్యి తగ్గించింది.

“అంత దూరం నుంచి ఆమె బస్సెక్కి వచ్చింది. ఈ గదిలోంచి ఆ గదిలోకి రాను నీకు ఇంతసేపు పట్టిందేందయ్యా?” అంది.

చెరిగిన డిస్కులోంచి అక్క ఫైళ్లను వెలికి తీసింది. చాలావరకు దొరికాయి కానీ పేర్లు పోయాయి. ఏది ఏమిటో చెప్పగలిగింది సుజాత ఒక్కతే. కుట్లు చూసి గుర్తుపట్టేది. ఇది దుత్తలూరు సీమంతానిది, ఇది టీచరమ్మ నెమలి, ఇది నచ్చక వదిలేసింది అని చెబుతుంటే అక్క ఒక్కోదానికి పేరు పెట్టింది. మధ్యలో ఇద్దరూ నన్ను చూసి నవ్వుకున్నారు. వింజమూరు పెళ్లికూతురి డిజైన్ మాత్రం ముక్కలుగా వచ్చింది, పనికిరాలేదు. సుజాత దాన్ని మళ్లీ మొదటి నుంచి గీసింది. ఆ వారం వంట నాది.

దొరికినవన్నీ హార్డ్‌డిస్కులోకి చేరాక, అక్క వెళ్లబోయే ముందు, నేను పెట్టిన లైనక్స్‌ను చెరిపి మళ్లీ మొదటి నుంచి పెట్టమంది. నువ్వే పెట్టక్కా అన్నాను.

“నేను ముట్టుకోను. నువ్వే చెయ్. ఈసారి అవును అనాల్సింది నేను కూడా కాదు. ఆమె” అని సుజాతను నా పక్కన కూర్చోబెట్టింది.

సుజాతకు డిస్కు భాగాల గురించి ఏమీ తెలియదు. తెర మీదున్నది పైనుంచి కిందికి చదివించుకుంది. నేను చెరపబోతున్న వరుస మీద వేలు పెట్టింది.

“దీంట్లో ఏముండాది?”

“ఉన్నవన్నీ అక్క డిస్కులోకి ఎక్కించినాం.”

“తెరిచి చూపించు.”

ఆ డిస్కును అక్క ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఆమె అడిగిన ప్రతి డిజైనూ తెరిచి చూపించాను. అప్పుడు అవును అంది. అక్క ఆ డిస్కును సుజాత దగ్గరే ఉంచి, సంచి సర్దుకుంటూ, “ఇంక నీకు గ్రూపుతో పనిలేదు తమ్ముడూ” అంది.

అక్క బస్సెక్కాక జరిగింది జరిగినట్టు గ్రూపులో రాశాను. తప్పు అక్కది కాదని, నాదని. తిట్లు పడతాయనుకున్నాను. అక్క ఒకే ముక్క రాసింది, ఈసారి ఎవరైనా ఫోటో పెడితే నువ్వు చదువు అని. అబద్ధమాడినవాడి చేతికే కాపలా ఇచ్చింది. అంత బరువు నా మీద అంతకుముందెవరూ పెట్టలేదు. గోడౌన్‌లోకి లేచి వెళ్లి చూడటం నేను ఆ తర్వాతే నేర్చుకున్నాను. నెల్లూరు ఉద్యోగం కూడా వచ్చింది. రోజూ బస్సులో వెళ్లొస్తాను. అక్కడ నేను ‘అయింది’ అంటే అయినట్టేనని నలుగురూ నమ్ముతారు. ఆ నమ్మకం విలువ నాకు తెలుసు.

అక్కకు ఇప్పుడు చూపు తగ్గింది. కడపలో కూతురి దగ్గర ఉంటోంది. గ్రూపు చూడటం లేదు. ఎప్పుడైనా ఫోన్ చేస్తే సుజాతనే ముందు అడుగుతుంది. కొయ్య గరిటె ఇంకా వాడుతున్నాం.

మొన్న వరికుంటపాడు నుంచి ఒకాయన తన డిస్కు ఫోటో గ్రూపులో పెట్టాడు. కాపీ చేసింది తెరిచి చూశారా అని అడిగాను. చూసినాను సార్ అని వెంటనే జవాబొచ్చింది. అంత వేగంగా వచ్చే ‘చూసినాను’ నాకు బాగా పరిచయం. ఫోటో పెట్టండి అని రాశాను. కోపమొచ్చి వెళ్లిపోయాడేమో అనుకుంటుండగా ఫోటో వచ్చింది. ఎవరిదో మరొక కంప్యూటర్ తెర, దాని మీద తెరిచి ఉన్న పెళ్లి ఫోటో. కింద, మన్నించండి సార్, ఇప్పుడే చూసినాను అని ఉంది.

నేను మరోసారి అంతా చదువుకుని, ‘అవును’ అని రాశాను.