మంచివి ముందు

మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి పాలు పొయ్యిమీద పెట్టాను. అప్పుడే సుదర్శన్ సార్ తమ్ముడు ఫోన్ చేసి, సార్ నిద్రలోనే పోయారని చెప్పాడు. పాలు పొంగి పొయ్యి ఆరింది. 

సార్ పోచంపల్లిలో మగ్గాలున్న ఇంట పుట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికుండి, ఎల్‌బీ నగర్‌లోని ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేశారు. నేను ఆయన పరిశోధక విద్యార్థినిని. తట్టు తగ్గిన కొందరు పిల్లల మెదడులో ఆ వైరస్ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అది చేరిన కణం వెంటనే చావదు. కానీ దాని పొరమీద బయటి కబురు అందుకునే గ్రాహకాలు తగ్గుతాయేమోనని సార్ అనుమానం. "ఇంట్ల మనిషున్నడు, పిలిస్తె పలుకుతలేడు. ఎందుకు?" అనేవారు.

నిరుడు తెలంగాణ బంద్ నాడు ఆ పని మొత్తం పోయేదే. సీసాల్లో నెలల తరబడి పెంచిన మెదడు కణాలవి. ఫ్రీజర్‌లో దాచిన అదనపు కణాలు కరెంటు కోతల్లో అంతకుముందే పోయాయి. ఆ రోజు పోషక ద్రవం మార్చకపోతే ఇవీ చచ్చిపోతాయి. సార్ తెలంగాణ కోరిన మనిషి, బంద్ నాడు బండి తీయరు. ఇద్దరం నడిచాం. కొత్తపేట దగ్గర రోడ్డుమీద కూర్చున్నవాళ్లు ఆపారు.

"ఏంది సారూ, బంద్ నాడు డ్యూటీనా?"

"డ్యూటీ కాదు బిడ్డా, మేతెయ్యాలె."

"బర్లకా, గొర్లకా?"

"గంతకంటె శాన చిన్నయి. మెదడు కణాలు."

అందరూ నవ్వారు. ఒకడు నావైపు తిరిగాడు. "నీదేవూరమ్మా?"

"తెనాలండి," అన్నాను.

నవ్వు ఆగింది. ఎవరిదో కర్ర తారుమీద చప్పుడైంది. సార్ నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"నా స్టూడెంట్. తట్టు మీద పనిచేస్తది. తట్టు జిల్లా అడిగి వస్తదా?"

వాళ్లలో పెద్దాయన లేచాడు. "మా అక్క బిడ్డకు పోసింది తట్టు. పోనియ్యుండ్రి. గంటనే సారూ, మల్ల గేటు నేనే మూస్త." అని మా వెంటే వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు.

లోపల రెండు వరుసల సీసాలు. ఒక వరుస వైరస్ సోకనిది, రెండోది సోకింది. గంటలో అన్నీ అయ్యేలా లేవు. సోకినవి మళ్లీ దొరకవని ముందు వాటికి చేయి చాపాను.

"ఆగు. మంచివి ముందు," అన్నారు సార్.

"టైం లేదు సార్, ఇవి చచ్చిపోతాయి."

"కొన్ని చస్తె చావని. నీ చేతికంటుకొని గా వైరస్ మంచివాట్ల పడ్డదనుకో, ఇగ దేంతోని పోలుస్తవ్?"

గంటైందని పెద్దాయన గేటు కొట్టాడు. సార్ చేతివేగం మారలేదు. సోకిన వరుసలో చివరి రెండు సీసాలు అందుకోలేకపోయాం, అవి చచ్చిపోయాయి. బతికిన వాటిలో గ్రాహకాలు కొలిచాం. సోకినవాటిలో తగ్గాయి. ఆ తగ్గుదలను నమ్మగలిగామంటే, పోల్చడానికి మంచి వరుస మంచిగా మిగలడం వల్లనే.

సార్ చోటులో ఎవరినీ తీసుకోవడం లేదని ప్రయోగశాల వాళ్లు నిన్న చెప్పారు. సీసాలు కడిగి బోర్లించి గదికి తాళం వేశాను. ఇప్పుడక్కడ మేత వేయడానికి కణాలేవీ లేవు.