కింద ఎవరి పేరుందండి?

నేను కాకినాడ కాలువ మీద, పడవల్ని దాటించే లాకు దగ్గర గుమాస్తాగా చేసిన రోజుల్లో ఒక పడవ సరంగు ఉండేవాడు. అక్షరం ముక్క రాదు. అయినా లాకు గోడకి సర్కారు కాగితం అంటిస్తే చాలు, చదవమని నా ప్రాణం తీసేవాడు. పన్ను పెంచారన్నా, మన బియ్యం ఓడలెక్కించమన్నారన్నా అతను అడిగేది ఒక్కటే.

"కింద ఎవరి పేరుందండి?"

"ఉత్తర్వు ప్రకారం అని ఉంది."

"అది మనిషి పేరు కాదు కదండీ. నేనెవర్ని అడగాలి?"

నాకు ఒళ్లు మండేది.

ఓ ఏడు గట్టు మరమ్మతని, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా లాకు మూసేశారు. మూసేశామని గోడకి అంటించిన కాగితం రాసింది నేనే. పడవలన్నీ నిలిచిపోయాయి. వారం రోజులు వాన. తాటాకు కప్పు కారి అతని పడవలో వడ్లు నానిపోయాయి. మొలకలెత్తిన వడ్లు గుప్పెడు తెచ్చి నా సిరాబుడ్డి పక్కన పోశాడు.

"ఆ గోడ మీది కాగితం రాసిందెవరండి?"

"నేనే. కానీ ఉత్తర్వు పైనుంచి వచ్చింది."

"పోనీ మీ పేరే పెట్టండి బాబూ. అడగడానికి ఒక్క మనిషైనా ఉంటాడు."

కలం సిరాలో ముంచాను. అది ఆరిపోయేదాకా అలాగే పట్టుకు కూర్చున్నాను. అతను వెళ్లిపోయాక ఆ వడ్లు కిటికీలోంచి పారబోశాను.

ఆ వానకి అవి గోడ కిందే పచ్చగా లేచాయి. బదిలీ అయ్యేదాకా నేనా కిటికీ మళ్లీ తెరవలేదు.