తాడు మీద చెయ్యి

లక్షద్వీపాలకి వెళ్ళొచ్చిన మా చెల్లెలి కొడుకు ఫోనులో పగడపు దిబ్బల ఒడ్డు చూపిస్తూ, నిన్నూ తీసుకెళ్తాను పెద్దమ్మా అని ఊరించాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కాదనను. కానీ ఈ మోకాళ్ళతో ఓడలెక్కే ఓపిక నాకెక్కడిది? అంతర్వేది దగ్గర నేను తొలి ఉద్యోగం చేసిన ఊరు ఒక్కసారి చూపించరా, అదే పదివేలు అన్నాను. ఆదివారం పొద్దున్నే కారు తెచ్చేశాడు.

ఆ ఊళ్ళో పగడాలూ లేవు, పాడూ లేవు. ఇసుక, సరుగుడు తోపు, ఆరబెట్టిన వలలు, ఎండుచేపల వాసన. నీచు ముట్టని ఇంట పుట్టి, అమలాపురం దాటి ఎరగని దాన్ని, టీచరుగా చేరిన మొదటి నెలంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బడికి వెళ్తూ, బదిలీ కోసం కనబడ్డ దేవుడికల్లా మొక్కుకున్నాను. మన కాలంలో ఆడపిల్ల ఒంటరిగా ఉద్యోగం చెయ్యడమంటే ఎలా ఉండేదో మీకు చెప్పక్కర్లేదు. ఏం చెప్పినా జనం మర్యాదగా ఆయ్, ఆయ్ అనేవారే గాని, నన్ను చూడగానే వాళ్ళ కబుర్లు ఆగిపోయేవి. అది నాకు చచ్చేంత దిగులుగా ఉండేది.

ఓ సాయంత్రం ఒడ్డున ఆడా మగా రెండు బారులుగా నిలబడి పెద్ద వల లాగుతుంటే, ఏమీ తోచక నేనూ వెళ్ళి తాడు పట్టుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంటికొచ్చేసరికి అరుగు మీద నా వంతని ఓ కుప్ప చేపలు! బాబోయ్, నాకొద్దంటే నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ మొహం మాడ్చుకుంది.

"తాడు ముట్టుకున్నోళ్ళ వాటా ఆపితే గంగమ్మ ఊరుకోదండి. మీరు తినకపోతే నేను చూసుకుంటానండి."

మర్నాడు ఆ చేపల్ని తట్టకెత్తుకుని రాజోలు వైపు వెళ్ళి, రైతుల ఇళ్ళలో ఇచ్చేసి, బదులుగా వంకాయలూ అరటికాయలూ తెచ్చి నా ముందు పోసింది. ఆపైన నేను తాడు పట్టిన ప్రతిసారీ నా చేపలు కూరగాయలై వచ్చేవి. ఊరంతా నన్ను వంకాయల టీచరుగారని ఆటపట్టించేవారు, నేనుండగానే కబుర్లు చెప్పుకునేవారు. తీరా బదిలీ వచ్చిననాడు వెళ్ళబుద్ధి కాక ఏడ్చాను.

మొన్న వెళ్తే ఆ ఇల్లు లేదు, ఆ వీధే లేదు, సముద్రం తినేసింది. మిగిలిన ఊరు కొట్టుకుపోకుండా బండరాళ్ళు పోశారు. పెద్దావిడ పేరు చెబితే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నన్నయితే ఎవరూ గుర్తుపట్టలేదు. ఇంత దూరం పడుతూ లేస్తూ ఎందుకొచ్చానురా భగవంతుడా అనిపించింది. రాళ్ళకి అవతల కొద్దిమంది పెద్ద వల లాగుతున్నారు. తక్కినవాళ్ళంతా ఇంజను బోట్ల మీదకి పోయారట. నాకు లాగే సత్తువ లేదు, వెళ్ళి ఊరికే తాడు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను.

కారెక్కాక ఓ అమ్మాయి పరుగున వచ్చి నా ఒళ్ళో సంచి పెట్టింది.

"చెయ్యేసేరు కదండీ మామ్మగారూ, మీ వాటా అండి."

ఈసారి నాకొద్దనకుండా రెండు చేతులా పట్టుకున్నాను. అమలాపురం దాకా ఆ చల్లటి సంచిని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. నా వాటా నాకింకా ఉంది, అదే చాలు అనుకోబోయాను. కానీ దాన్ని వంకాయలు చేసి తెచ్చే మనిషేదీ?