మనిషి లేని కుప్పకు పాట లేదు

శ్యామలాదేవి గారి పగ గురించి చెప్పాలంటే అనకాపల్లిలో నన్ను మించినవాడు లేడు. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ నన్ను భరించలేకపోతుంటే జాలిపడి నేనే దాన్ని వదిలేశాను. వదిలేసి ఊరుకోకుండా దానికి ఎదురుగానే డీటీపీ షాపు పెట్టాను. ఈ జిల్లాలో పీహెచ్‌డీ చేసినవాడెవడైనా నా కుర్చీ వెనక నిలబడి "తాతబ్బాయ్, కాస్త తొందరగా నాయనా" అని బతిమాలినవాడే. వాళ్ల చదువంతా నా వేళ్ల కింద నుంచే పోయింది. అందులో కొంత నాకూ అంటుకుందని నా నమ్మకం.

శ్యామలాదేవి గారు బెల్లం వర్తకుల ఇంటి ఆడపిల్ల. తూకం దగ్గర కూర్చోవలసిన మనిషి కాలేజీ లైబ్రేరియన్ అయ్యారు. ఆవిడ లైబ్రరీలో ఒకసారి చెదపురుగు ఒక పేజీ తింటే, కళ్లజోడు పైనుంచి ఆవిడ చూసిన చూపుకి హడలిపోయి అక్షరం పోకుండా తిరిగి కక్కేసింది. నమ్మనివాళ్లు వెళ్లి చెదపురుగునే అడగొచ్చు.

రిటైరయ్యాక ఆవిడ ఒక సంఘం పెట్టారు. పరిశోధన పత్రికల ప్రమాణాల సంఘం. పేరు వింటే ఆవలింత వస్తుంది గానీ పని మాత్రం గట్టిది. చుట్టుపక్కల కాలేజీలు తెలుగులో పరిశోధన పత్రికలు వేస్తుంటాయి. ఒకడు రచయిత పేరు ముందు రాస్తాడు, ఒకడు పుస్తకం పేరు ముందు రాస్తాడు, ఇంకొకడు ఎక్కడ నుంచి ఎత్తుకొచ్చాడో అసలు రాయనే రాయడు. వీళ్లందరికీ ఒక పద్ధతి నేర్పే నియమాలు రాయడమే సంఘం పని. జీతాలు లేవు. సమావేశాలు మా షాపు మేడ మీద, టీ నాది. మునగపాకలో చెరకు పండించుకుంటూ తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన బంగారయ్య మాస్టారు, జంతుశాస్త్రం లెక్చరర్ రాజశ్రీ గారు, ఇంకా నలుగురైదుగురు వచ్చేవారు.

అన్ని నియమాల్లోకీ శ్యామలాదేవి గారి ప్రాణం ఒకదాని మీద ఉండేది. సవరణ నియమం. పత్రికలో తప్పు పడితే సవరణను చివరి అట్ట లోపల చీమ అక్షరాల్లో దాచకూడదు. తప్పు ఏ పేజీలో పడిందో తరవాతి సంచికలో ఆ పేజీలోనే, అంత అక్షరాల్లోనే వేయాలి. తప్పు చేసినవాడి పేరుతో వేయాలి. సభలో చెప్పిన తప్పయితే సభలోనే చదవాలి. ఇంత కటువుగా వద్దని అందరూ అంటే, ఒక ఎండాకాలమంతా ఒక్కావిడే పోట్లాడి నిలబెట్టారు.

సంఘానికి ఒక అధ్యక్షుడు ఉంటే బాగుంటుందని రిటైర్డ్ ప్రిన్సిపాల్ సూర్యనారాయణమూర్తి గారిని తెచ్చుకున్నారు. ఆయనకున్నది గొంతు. ఆయన మా మేడ మీద ఉపన్యాసం మొదలెడితే, స్టేషన్లో విశాఖ బండి గార్డు అది విని జెండా ఊపేసేవాడు. ఆయన ఒక్క నియమం కూడా రాయలేదు. రాసినవన్నీ చదివి వినిపించేవారు. చదివి చదివి, రాసింది తనేనని ఆయనకే నమ్మకం కుదిరిపోయింది.

ఒకరోజు సంఘం వాట్సాప్ గ్రూపులో ఆయన ప్రకటన వచ్చింది. సంఘాన్ని పునర్వ్యవస్థీకరిస్తున్నారట. విడివిడిగా పనిచేస్తున్న బృందాలన్నీ రద్దు, వాటి స్థానంలో ఒకే కార్యవర్గం. కార్యవర్గం నిండా ఆయనకు శాలువాలు కప్పే స్నేహితులు. ఆ సాయంత్రమే నియమాలు రాసినవాళ్లందరినీ ఆ గ్రూపు లోంచి తీసేశారు.

ఆ తరవాత కాలేజీ సభామందిరంలో నియమాల పుస్తకం ఆవిష్కరణ. విశాఖలో అచ్చు వేయించారు. మొదటి పేజీలో లావు అక్షరాల్లో "రూపకల్పన: సూర్యనారాయణమూర్తి" అని ఉంది. దాని కింద "టైపింగ్ సహాయం: శ్యామలాదేవి" అని. ఆవిడ జన్మలో కీబోర్డు ముట్టలేదు. టైపు చేసింది నేను! నా పేరు ఎలాగూ లేదనుకోండి, అది వేరే పగ.

ఆవిడ రెండో వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన వేదిక మీద నుంచి చెయ్యి చూపించి, "మన శ్యామలాదేవి గారు ఓపిగ్గా టైపు చేసి పెట్టేరు, పాపం," అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ "పాపం" దగ్గరే ఆయన పాపం పండడం మొదలైంది.

ఆవిడ ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టుకున్నారు. పాలు తీసినప్పుడల్లా కనబడాలి కదా. ఫ్రిజ్ లోపల ఏదైనా చల్లబడుతుంది గానీ పైన పెట్టింది వెచ్చగానే ఉంటుంది.

"మేడమ్, ఊఁ అనండి. ఊరందరి ఫోన్లలోకీ నాలుగు తిట్లు టైపు చేసి పంపేత్తాను," అన్నాను నేను.

"తిట్టు రేప్పొద్దుటికి చల్లారిపోద్దిరా తాతబ్బాయ్. నా పేరు అచ్చులో పోయింది. నాకు అచ్చులోనే కావాలి," అన్నారు.

ఎంత కాలమైనా కాచుకునేవారే గానీ, మూర్తి గారే తొందరపెట్టారు. ఒక కాలేజీ పత్రికలో ఒకే వ్యాసం ఇద్దరి పేర్లతో రెండుసార్లు పడింది. ఏ నియమం ప్రకారం సరిదిద్దాలని వాళ్లు కార్యవర్గాన్ని అడిగితే, కార్యవర్గం శుభోదయం అని పువ్వుల బొమ్మ పంపింది. మళ్లీ అడిగితే ఇంకా పెద్ద పువ్వు పంపింది. నియమాలు వాడుతున్న కాలేజీల సంపాదకులందరూ కలిసి, సంఘాన్ని మళ్లీ సరిగ్గా కట్టండి, లేదంటే మీ నియమాలకో నమస్కారం అని తేల్చేశారు. మూర్తి గారికి వేరే దారి లేక శ్యామలాదేవి గారికి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"వత్తానండీ, రాకేం. కానీ ఈసారి సంఘం కట్టే పద్ధతి నాది," అన్నారావిడ. ఇంతేనా అని ఆయన సరే అన్నారు. పెద్ద చదువులు చదివినవాళ్లు ఇలాంటిచోటే బోల్తా పడతారు. అందుకే నేను చదవలేదు.

ఆదివారం పొద్దున్న మా మేడ మీద కుర్చీలన్నీ తీయించేశారు. ఒక్కో నియమాన్నీ ఒక్కో పెద్ద కాగితం మీద నాచేత అచ్చు తీయించి నేల మీద వరసగా పరిపించారు. ఫ్యాను గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీదా చిన్న బెల్లం దిమ్మ పెట్టించారు. కాలేజీల సంపాదకులు గోడ వారగా నిలబడ్డారు, అచ్చం బెల్లం కొనుక్కోడానికి వచ్చిన షావుకార్లలాగే.

"మా నాన్న కొట్లో ఒక కట్టుబాటు ఉండీది," అన్నారు శ్యామలాదేవి గారు. "వేలంపాట మొదలయ్యే ముందు ఎవరి కుప్ప దగ్గర వాళ్లు నిలబడాలి. మనిషి లేని కుప్పకు పాట లేదు, కుప్ప లేని మనిషికి కొట్లో చోటు లేదు. ఎవరిదని అనుమానం వత్తే, దిమ్మ పగలగొట్టి లోపల రంగు చూపించి, ఎలా వండేడో చెప్పాలి. సంఘం కూడా అలాగే కడదాం. ఎవరు రాసిన నియమం దగ్గర వాళ్లు నిలబడండి."

బంగారయ్య మాస్టారు పంచె సర్దుకుంటూ పోయి ఆధారాల నియమం దగ్గర నిలబడ్డారు. "ఇది నాదే. చెరుకు నరికిన సేత్తోనే రాసేను," అన్నారు. రాజశ్రీ గారు బొమ్మలూ పట్టికల నియమం దగ్గరికి వెళ్లారు. మిగిలినవాళ్లూ వాళ్ల వాళ్ల చోట్లు వెతుక్కున్నారు. శాలువా స్నేహితులకు ఒక్కసారిగా ఫోన్లు వచ్చాయి. మాట్లాడుతూ మెట్లు దిగిన వాళ్లు మళ్లీ ఎక్కలేదు.

మూర్తి గారు వరసల మధ్య అటూ ఇటూ నడుస్తున్నారు. ప్రతి కాగితం దగ్గరా ఒక మనిషి ఉన్నాడు, ఒక్క సవరణ నియమం దగ్గర తప్ప. శ్యామలాదేవి గారు కిటికీ దగ్గరే ఉండిపోయారు. ఆయన ఆగి, గొంతు సవరించుకుని, ఆ కాగితం పక్కన నిలబడ్డారు.

"ఇది నాది," అన్నారు.

రాజశ్రీ గారు నోరు తెరవబోతే ఆవిడ కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూశారు. చెదపురుగు చేతే కక్కించిన చూపు. నోరు మూతపడింది.

"సంతోషం మాస్టారూ. అయితే దిమ్మ పగలగొట్టండి," అన్నారావిడ.

ఆయన మొదలెట్టారు. ఆ గొంతు, ఆ విరుపు! "తప్పు ఏ పేజీలో పడితే సవరణ ఆ పేజీలోనే! అంత అక్షరాల్లోనే! తప్పు చేసినవాడి పేరుతోనే! సభలో చెప్పిన తప్పును సభలోనే చదవాలి!" సంపాదకులు చప్పట్లు కొట్టారు. ఆయన శాలువా లేకపోయినా సర్దుకున్నారు.

"రచయిత పేరే తప్పు పడితేనండీ?" అని అడిగారావిడ.

"అంతకన్నా పెద్ద తప్పేముందమ్మా? మొదటి పేజీలో పడితే మొదటి పేజీలోనే దిద్దాలి. మొహమాటం పనికిరాదు!"

ఆవిడ కిటికీ దగ్గర నుంచి వచ్చి, సంచిలోంచి ఫ్రిజ్ మీది పుస్తకం తీసి, మొదటి పేజీ తెరిచి ఆయన కాళ్ల దగ్గర పెట్టారు.

"నేను టైపు చేసేనా మాస్టారూ? ఎప్పుడు? ఏ వేలితో?"

"నేను కదండీ చేసేను!" అని నేను అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు.

"అది... విశాఖలో ప్రెస్సువాడు..." అన్నారు మూర్తి గారు.

"సభలో చెయ్యి చూపించి చెప్పింది కూడా ప్రెస్సువాడేనా? నియమం మీదేనన్నారు. అందరూ విన్నారు. మీ నియమం మీరే తప్పుతారేటి?"

"సూత్తన్నారేటి బాబూ? కుప్ప తమరిదే కదా, ఎత్తుకోండి మరి," అన్నారు బంగారయ్య మాస్టారు.

మూర్తి గారు ఆవిడ పక్కకు వచ్చి గొంతు తగ్గించారు. ఆ గొంతు తగ్గడం నేను చూడడం అదే మొదలు. "చివరి పేజీలో వేద్దాం అమ్మా. చిన్నగా."

"అంత అక్షరాల్లోనే," అన్నారావిడ, అందరికీ వినబడేట్టు.

పుస్తకం మళ్లీ అచ్చయింది. అదే కాలేజీ సభామందిరం, అదే వేదిక. ఆయన మొదటి పేజీ చదివారు. "ఈ నియమాలకు రూపకల్పన చేసింది నేనని గత ముద్రణలో వేయించుకున్నాను. అది తప్పు. ఇవి శ్యామలాదేవి గారు, వారి సహచరులు రాసినవి. శ్యామలాదేవి గారు టైపు చేశారని ఈ సభలో చెప్పాను. అదీ తప్పు. ఆమెను 'పాపం' అన్నాను. అది కూడా తప్పు." ఆ చివరి రెండు వాక్యాలూ ఉంటేనే పుస్తకం ప్రెస్సుకు వెళ్తుందని ఆవిడ పట్టుబట్టారు. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ రెండో వరసలో, ఆనాటి చీరలోనే, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఇక సంఘం సంగతి. కుప్ప లేని మనిషికి చోటు లేదు. కానీ మూర్తి గారు ఇంట్లో ఉండలేకపోయారు, ఏదో ఒక పని ఇమ్మన్నారు. శ్యామలాదేవి గారు చాలాసేపు ఆలోచించినట్టు నటించి, ఖాళీగా ఉన్న పని ఒక్కటే ఉందన్నారు. సంఘం కొత్త కాగితాల మీద అది లావు అక్షరాల్లో అచ్చయింది కూడా: "టైపింగ్ సహాయం: సూర్యనారాయణమూర్తి."

ఇప్పుడాయన రోజూ పొద్దున్నే మా షాపుకు వస్తారు. ఆయనకు టైపు నేర్పుతున్నది నేనే. ప్రిన్సిపాల్‌కు గురువునయ్యాను, ఏ డిగ్రీ ఇస్తుందండీ ఈ యోగం? ఆయన రెండు చూపుడువేళ్లతో కోడి గింజలు ఏరినట్టు పొడుస్తుంటారు. శ్యామలాదేవి గారు పక్కన కుర్చీ వేసుకుని మజ్జిగ తాగుతూ సవరణ నియమం చెబుతారు, ఆయన కొడతారు. అందులో తప్పులు పడ్డాయని మర్నాడు మళ్లీ మొదటి నుంచి కొట్టిస్తారు.

మొన్న ఎవరో సంపాదకుడు షాపుకొచ్చి, మాస్టారు ఏం చేస్తున్నారని అడిగాడు.

ఆవిడ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఓపిగ్గా టైపు చేసి పెడతన్నారు," అని ఒక్క క్షణం ఆగారు. మూర్తి గారి వేళ్లు గాలిలోనే ఆగిపోయాయి.

"పాపం," అన్నారు.